పాత కారు హెడ్‌లైట్లు: సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం సోమందేపల్లి, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం వైపు నుంచే వచ్చాయి. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కొత్త కార్లు తయారవుతున్నా, ఆ చుట్టుపక్కల ఊళ్ళ కొట్టాల్లో పాత అంబాసిడర్లు, ఫియట్లు ఇంకా తిరిగే స్థితిలోనే ఉన్నాయని ఈ ఉత్తరాలు చెబుతున్నాయి. చాలా మంది రాసిన మాట ఒకటే: ‘బల్బు మార్చాం, అయినా బాగుపడలేదు.’ బల్బు కొనే ముందు, వైరు కత్తిరించే ముందు, హోల్డరు దగ్గరికి ఎన్ని వోల్టులు వస్తున్నాయో కొలవాలి. ఈ పని చేసే ఓపిక లేకనే మంచి వైరింగులు పాడవుతున్నాయి.

మా నాన్న కొన్న అంబాసిడర్‌ను నేను నడుపుతున్నాను. ఎడమవైపు హెడ్‌లైటు ఎర్రగా, దీపం బుడ్డిలా వెలుగుతుంది. కుడివైపుది బాగానే ఉంది. డిప్‌లో పెట్టినప్పుడు మీటరు బోర్డులోని నీలం లైటు కూడా సన్నగా వెలుగుతోంది. బల్బులు మార్చి చూశాం. వైరింగు మొత్తం తీసేసి కొత్తది వేయాలని మేస్త్రీ అంటున్నాడు. ఏం చేయమంటారు సార్? – ఒక రైతు, సోమందేపల్లి

వైరింగు తీయించకండి. మీరు రాసిన నీలం లైటు సంగతి ఒక్కటే చాలు, జబ్బు ఎక్కడుందో చెప్పడానికి. ఎడమ హెడ్‌లైటుకు ఎర్త్ పోయింది.

హెడ్‌లైటు బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి హై బీమ్‌కు, ఒకటి డిప్‌కు. రెండింటికీ ఎర్త్ ఒక్కటే. ఆ ఎర్త్ తెగిందనుకోండి. డిప్ వేసినప్పుడు ఎడమ బల్బు డిప్ ఫిలమెంటులోకి వచ్చిన కరెంటుకు బాడీలోకి దారి ఉండదు. అది పక్కనే ఉన్న హై బీమ్ ఫిలమెంటు గుండా వెనక్కి వెళ్ళి, హై బీమ్ వైరు పట్టుకుని కుడివైపు బల్బు హై బీమ్ ఫిలమెంటుకు చేరి, అక్కడి ఎర్త్ నుంచి బయటపడుతుంది. అంటే 12 వోల్టులను మూడు ఫిలమెంట్లు పంచుకుంటున్నాయి. అందుకే ఎర్రటి మసక వెలుగు. ఆ హై బీమ్ వైరుకే మీ నీలం లైటు కూడా తగిలించి ఉంటుంది కాబట్టి, వెలగకూడని వేళ అదీ సన్నగా వెలుగుతోంది. బల్బు ఎన్నిసార్లు మార్చినా ఇది మారదు.

నిర్ధారించుకోవడం చాలా తేలిక. ముందుగా బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసి ఉందో చూడండి. బాగా పాత బ్రిటిష్ నమూనా బండ్లలో ప్లస్‌ను బాడీకి కలిపేవారు, కాబట్టి ఊహించుకోవద్దు. బాడీకి కలిసి ఉన్న ఆ కొస నుంచి ఒక మీటరున్నర మందపాటి వైరు తెచ్చి, లైటు వేసి ఉండగా, ఎడమ బల్బు హోల్డరులోని ఎర్త్ పిన్నుకు తాకించండి. లైటు భళ్ళున వెలిగితే మీ ఖర్చు ఒక స్క్రూ, ఒక గరుకు కాగితం ముక్క.

హోల్డరు నుంచి నల్ల వైరు బయల్దేరి లోపలి రేకుకు ఒక స్క్రూతో బిగించి ఉంటుంది. అక్కడ తుప్పు పట్టి ఉండవచ్చు. ఈమధ్య డెంటింగు, పెయింటింగు చేయించి ఉంటే నా మొదటి అనుమానం పెయింటు మీదే. మడ్‌గార్డుకు కొత్త రంగు వేసినవాళ్ళు ఎర్త్ స్క్రూ కిందా రంగు కొట్టేస్తారు. రంగు మీద బిగించిన వైరుకు బాడీ తగలదు. స్క్రూ ఊడదీసి, రేకు మెరిసేదాకా గీకి, పళ్ళున్న వాషరు వేసి గట్టిగా బిగించి, పైన కాస్త వాసెలిన్ రాయండి. ఎర్రమట్టి దుమ్ము పేరుకుని, వానలకు తడిసే మన ప్రాంతంలో ఆ వాసెలిన్ పూతే ఎర్త్‌ను కాపాడుతుంది. నేనైతే అక్కడితో ఆగను. రెండు హెడ్‌లైట్ల నుంచీ విడిగా ఒక్కో ఎర్త్ వైరు లాగి బ్యాటరీ ఎర్త్ బోల్టు దగ్గరే కలుపుతాను.

తర్వాత మల్టీమీటరుతో కొలవండి. 20 వోల్టుల డీసీలో పెట్టి, లైటు వెలుగుతుండగానే చూడాలి. ఆపి చూస్తే ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. బోరు దగ్గర ఒత్తిడి ఎంతున్నా డ్రిప్ పైపు చివరి చెట్టుకు ఎన్ని నీళ్ళు అందాయన్నదే కదా లెక్క, ఇదీ అంతే. మీటరు ఒక ముల్లు బ్యాటరీ ఎర్త్ కొసకు, రెండోది హోల్డరు ఎర్త్ పిన్నుకు పెడితే 0.2 వోల్టులకు మించి చూపకూడదు. అలాగే బ్యాటరీ రెండో కొస నుంచి హోల్డరులో కరెంటు వచ్చే పిన్నుకు కొలిస్తే అర వోల్టు లోపే ఉండాలి. ఎక్కువుంటే స్విచ్చులోకి వచ్చే చోట, స్విచ్చు దాటిన చోట, డిప్పర్ ముందు, డిప్పర్ తర్వాత అని ఒక్కో మెట్టు కొలుచుకుంటూ రండి. అంకె ఏ రెండు చోట్ల మధ్య ఒక్కసారిగా ఎగిరిందో తప్పు ఆ మధ్యలోనే ఉంది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు నూటికి 30 పాళ్ళు పోతుంది. అందుకే ఒకటి రెండు వోల్టుల కోసం ఇంత వెతుకులాట.

నాది 1972 అంబాసిడర్. రాత్రిళ్ళు బెంగళూరు వెళ్ళాలని 100/90 వాట్ల బల్బులు వేయించాను. కాసేపు నడిపాక రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతాయి. బండి ఆపి నిలబడితే మళ్ళీ వస్తాయి. డ్యాష్‌బోర్డు వెనక నుంచి కాలిన వాసన. రిలేలు పెట్టమంటున్నారు. పెడితే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అడ్డమా? – హిందూపురం

ముందు ఆ బల్బులు తీసేయండి, ఈ రోజే. ఇది మసక లైటు సమస్య కాదు, నిప్పు అంటుకునే సమస్య.

పాత 45 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల మీద 7.5 ఆంపియర్లు. మీ 100 వాట్ల బల్బులు రెండు తీసుకునేది దాదాపు 17. అంత కరెంటూ డ్యాష్‌బోర్డు స్విచ్చు గుండా, అక్కడి నుంచి క్లచ్చు పెడలు పక్కన నేల మీదున్న కాలి డిప్పర్ గుండా పోతోంది. అరిగి, నల్లబడ్డ పాయింట్లు వేడెక్కి, పట్టు వదిలేస్తున్నాయి. చల్లారాక మళ్ళీ తగులుతున్నాయి. రెండు లైట్లూ ఒక్కసారే పోతున్నాయంటే తప్పు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటే, అంటే స్విచ్చులో గానీ డిప్పర్‌లో గానీ ఉంది. బ్రిటిష్ మూలం ఉన్న పాత కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ల దారిలో ఫ్యూజే ఉండదు. ఇలాంటప్పుడు కాలేది వైరే. పైగా పాత డైనమో పూర్తి జోరులో ఇచ్చేదే 20 ఆంపియర్ల చుట్టుపక్కల. లైట్లే 17 తినేస్తే ఇగ్నిషన్‌కు, వైపర్‌కు, బ్యాటరీకి మిగిలేదేముంది?

60/55 వాట్ల హెచ్‌4 బల్బులు, రెండు రిలేలు చాలు. హెచ్‌4 బల్బుకూ పాత బల్బుకూ అడుగు పళ్ళెం వేరు కాబట్టి అద్దం, రిఫ్లెక్టరుతో సహా మార్చుకోవాలి. పాత పళ్ళేన్ని వంచి, గీకి ఇరికించే పని చేయనివ్వకండి, వెలుగు చెదిరిపోతుంది. హై బీమ్‌కు ఒక రిలే, డిప్‌కు ఒకటి. డిప్పర్ నుంచి ఇప్పుడు బల్బుకు పోతున్న వైరును రిలే 86కు ఇవ్వండి, 85 బాడీకి. 30కి బ్యాటరీ నుంచి నేరుగా, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. 87 నుంచి లైట్లకు వెళ్ళే వైర్లను ఎడమ, కుడి అని విడదీసి, ఒక్కోదానికి 10 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఒక వైపు షార్టయితే ఆ ఫ్యూజే పోతుంది, రెండోవైపు లైటు మిగులుతుంది. హైవే మీద ఒక్కసారిగా చీకటైపోవడం ఎంత ప్రమాదమో మీకు తెలుసు. ఈ పని తర్వాత స్విచ్చు మీద పడేది రిలే తీసుకునే కొద్దిపాటి కరెంటే, ఆంపియరులో పావు వంతు కూడా ఉండదు.

కాలి డిప్పర్‌ను ఎలాగూ ఊడదీసి చూడండి. వాటర్ సర్వీసింగులో లోపలికి వచ్చిన నీళ్ళు, చెప్పుల మట్టి అక్కడే చేరతాయి.

వింటేజ్ సంగతి: 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన సొంత వాహనాలకు ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. అందులో అడ్డు చెప్పేది ఛాసిస్, బాడీ, ఇంజను మార్పులకే. రిలేలు ఆ లెక్కలోకి రావు. కానీ ఆ నంబరు తీసుకున్న బండిని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకే. బెంగళూరు తిరగాలంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే కొనసాగించుకోండి.

చాలా ఏళ్ళుగా కొట్టంలో శెనక్కాయల బస్తాల పక్కన నిలిపిన కారు కొన్నాను. ఎలుకలు వైర్లు కొరికేశాయి. రంగులు చూసి కలుపుకోవచ్చా? – చేనేత కుటుంబం, ధర్మవరం

ఏ కారో రాయలేదు. అంబాసిడరైతే లూకాస్ పద్ధతి రంగులు: బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమరంగు. స్విచ్చు నుంచి డిప్పర్‌కు నీలం. డిప్పర్ నుంచి హై బీమ్‌కు నీలం మీద తెల్ల చార, డిప్‌కు నీలం మీద ఎర్ర చార. పార్కింగ్ లైట్లకు ఎరుపు, ఎర్త్‌కు నలుపు. ప్రీమియర్ పద్మిని అయితే ఇది మరిచిపోండి, దాని మూలం ఇటలీ ఫియట్. ఏ బండైనా, ఇన్నేళ్ళలో ఎందరు మేస్త్రీలు చేతికందిన వైరు అతికించి ఉంటారో ఎవరికి తెలుసు? రంగు ఒక ఆధారమే తప్ప సాక్ష్యం కాదు. బ్యాటరీ తీసేసి, మీటరుతో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కో వైరూ పలుకుతుందో లేదో చూసి, చీటీ కట్టుకోండి.

ఎలుక కొరికింది ఒక్క చోటే అయితే అతుకు వేయవచ్చు. సోల్డరింగు చేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడగాలి. మెలిపెట్టి టేపు చుట్టినది మన ఎండలకు జిగురు కరిగి ఊడిపోతుంది. ఇంకో పరీక్ష: వైరును వేలి చుట్టూ మెల్లగా వంచండి. పైపొర పగిలి పొడిగా రాలితే అతుకులు దండగ, ఆ కట్ట మొత్తం మార్చాల్సిందే. సోమందేపల్లి పాఠకుడికి వద్దన్న ఖర్చు మీకు తప్పకపోవచ్చు.

బ్యాటరీ తిరిగి కలిపేటప్పుడు నేరుగా కలపకండి. బ్యాటరీ కొసకూ దాని కేబులుకూ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టి, తలుపులు మూసి, స్విచ్చులన్నీ ఆపి చూడండి. బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. ఒక్కో వైరూ విప్పుతూ వెళ్ళండి, ఏది విప్పితే బల్బు ఆరుతుందో దాన్నే వెతకాలి.

ట్రాఫిక్‌లో బండి ఆగినప్పుడు లైట్లు తగ్గి, యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతాయి. ఇది తప్పా? – పెనుకొండ

డైనమో ఉన్న బండైతే తప్పు కాదు. నెమ్మది మీద డైనమో ఛార్జింగు ఇవ్వదు, లైట్లు బ్యాటరీ మీదే వెలుగుతాయి. ఆల్టర్నేటర్ ఉంటే బెల్టు బిగువు, బ్యాటరీ కొసలు చూడండి. ఇంజను కాస్త రేజ్ చేసి బ్యాటరీ దగ్గర కొలిస్తే 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. 15 దాటితే రెగ్యులేటరు పోయిందన్నమాట. అది కట్ చేయక, బల్బులు వరసగా కాలిపోతాయి.

అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి మా పాత కారుకు అక్కడి నుంచి గుండ్రటి హెడ్‌లైట్లు తెచ్చాడు. సరిగ్గా సరిపోయాయి, మంచి వెలుగు. కానీ హైవే మీద డిప్‌లో ఉన్నా ఎదురొచ్చేవాళ్ళు లైట్లు కొడుతున్నారు. – హిందూపురం

ఏడంగుళాల గుండ్రటి హెడ్‌లైటు చాలా దేశాల్లో ఒకే కొలత, అందుకే సరిపోయింది. కానీ అమెరికాలో బండ్లు కుడివైపు నడుస్తాయి. అక్కడి అద్దం డిప్ వెలుగును కుడి అంచుకు ఎక్కువగా తోస్తుంది. మన దగ్గర ఆ కుడివైపే ఎదురొచ్చే డ్రైవరు కళ్ళుంటాయి. వైరింగులో ఏ తప్పూ లేదు, స్క్రూలు తిప్పి కిందికి దించినా ఇది పూర్తిగా పోదు. అబ్బాయి ప్రేమతో తెచ్చినవి కాబట్టి మనసొప్పదని తెలుసు. అయినా వాటిని తీసి, మన రోడ్లకు చేసిన అద్దాలు వేయండి. ఫిలమెంటు బల్బు కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ బల్బు పెట్టినా ఇదే బాధ. వెలుగు పుట్టే చోటు మారితే రిఫ్లెక్టరు దాన్ని ఎటంటే అటు చిమ్ముతుంది.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది ఎదుటివారి కళ్ళు చెదరకుండా వెలుగు కిందికి వంగి ఉండాలంటుంది. 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి అది గుచ్చుకోకూడదు. ఇంట్లోనే సరిచేసుకోవడానికి చదునైన నేల మీద, గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి. హెడ్‌లైటు మధ్య భాగం ఎత్తును గోడ మీద గీత గీసి, దానికి మూడంగుళాల కింద ఇంకో గీత గీయండి. డిప్ వేసి, ఒక లైటును గుడ్డతో కప్పి, రెండోదాని వెలుగు పై అంచు కింది గీతకు తగిలేలా పై స్క్రూ తిప్పండి. ఎడమవైపు అంచు కాస్త పైకి లేచి ఉంటే ఫరవాలేదు, కుడివైపు మాత్రం ఆ గీత దాటకూడదు. వెనక సీట్లో నలుగురు, డిక్కీలో సామాను ఉన్న రోజు బండి ముందుభాగం పైకి లేస్తుంది. అలాంటి ప్రయాణానికి ముందు ఇంకోసారి గోడ దగ్గర చూసుకుని బయల్దేరండి.