పది ఆమడల వెలితి — బొమ్మల నవలల్లో ముసలి వీరుడి పునరాగమనం

వీరుడు అనగానే మన మనసులో మెదిలేది పడుచు వయసు. శివధనుస్సు విరిచిన రాముడైనా, పద్మవ్యూహంలో దూరిన అభిమన్యుడైనా ఇంచుమించు మన ఈడువాళ్ళే. మరి గెలుపూ పట్టాభిషేకమూ అయిపోయాక, జుట్టు నెరిసి మోకాళ్ళు పట్టేశాక ఆ వీరుడు ఏం చేస్తాడు? ఊరికి మళ్ళీ ఆపద వస్తే అటక మీది పాత ఆయుధం దించుతాడా? అసలు దించాలా? చిత్రం ఏమిటంటే, ఈ ప్రశ్నని గట్టిగా పట్టుకున్నవి, పిల్లల పుస్తకాలని మనం తీసిపారేసే అమెరికా బొమ్మల నవలలు. ఇదే ప్రశ్నకి మన పురాణాలు ఎప్పుడో ఇంకో జవాబు చెప్పి ఉన్నాయి. ఆ రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

వయసు రాని వీరులు

సూపర్‌మాన్ 1938లోనూ, బ్యాట్‌మాన్ 1939లోనూ అచ్చులోకి వచ్చారు. వాళ్ళని మొదట చదివిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, తాతలయ్యారు. బ్యాట్‌మాన్‌కి మాత్రం ఒక్క వెంట్రుకా నెరవలేదు. మన చందమామలో విక్రమార్కుడు దశాబ్దాల తరబడి నెలనెలా అదే శవాన్ని భుజాన వేసుకుని అదే శ్మశానం వైపు నడిచాడు కదా, ఆయనకి మాత్రం వయసొచ్చిందా? వారానికో నెలకో ఒకటి చొప్పున సాగే కథల్లో కాలం కదలకూడదు. కదిలితే వీరుడు పోతాడు, వీరుడు పోతే పత్రిక పోతుంది.

ఆ వరస మార్చిన పుస్తకాల్లో ముఖ్యమైనది 1986లో నాలుగు భాగాలుగా వచ్చిన ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’. రాసి బొమ్మలు గీసినవాడు ఫ్రాంక్ మిల్లర్. ఆ బొమ్మలకి సిరా పట్టించినవాడు క్లాస్ జాన్సన్, రంగులు వేసినావిడ లిన్ వార్లీ. అప్పటికి మిల్లర్‌కి ఇంకా ముప్ఫై నిండలేదు. గీసింది మాత్రం 55 ఏళ్ళ బ్యాట్‌మాన్‌ని!

కథ క్లుప్తంగా ఇది. బ్యాట్‌మాన్ ముసుగు తీసేసి పదేళ్ళయింది. గోథమ్ నగరంలో కుర్రకారు ముఠాలు కట్టి జనాన్ని పీడిస్తున్నారు. ఇంట్లో మందు తాగుతూ, టీవీ చూస్తూ పొద్దుపుచ్చే బ్రూస్ వేన్ ఒక గాలివాన రాత్రి మళ్ళీ ముసుగు తగిలిస్తాడు. ముఠా నాయకుడితో తలపడతాడు. ఇరవయ్యేళ్ళ కిందట ఎలా కొట్లాడేవాడో అలాగే ఎదురెదురుగా కలబడతాడు. చావుదెబ్బలు తింటాడు. అప్పుడు కాపాడింది ఎవరనుకున్నారు? పదమూడేళ్ళ కేరీ కెల్లీ. తనంత తానే రాబిన్ వేషం వేసుకుని వచ్చిన పిల్ల. రెండోసారి బ్యాట్‌మాన్ అదే నాయకుణ్ణి బురదగుంటలోకి దింపుతాడు. బురదలో కుర్రవాడి వేగం పనికిరాదు. ముసలివాడు ఓపిగ్గా, ఏ నరం ఎక్కడుందో తెలిసిన వైద్యుడిలా ఒక్కొక్క దెబ్బా వేసి గెలుస్తాడు. దమ్ములో మనవాడు పట్టే గుంట కనిపెట్టినట్టుంది అనుకున్నాను ఆ పేజీలు చూసి.

ఒంటి లెక్క

సైన్సు విద్యార్థిగా ఈ రెండు పోరాటాలూ నన్ను ఆకట్టుకున్నాయి. ఎందుకంటే మిల్లర్ ఇక్కడ శరీరశాస్త్రం తప్పలేదు. మనిషికి ముప్ఫై దాటాక పదేళ్ళకి నూటికి మూడు నుంచి ఎనిమిది వంతుల దాకా కండ తరుగుతుంది. అరవై దాటాక ఆ తరుగుదల ఇంకా ఎక్కువ. అందులోనూ చురుగ్గా ముడుచుకునే కండపోగులు ముందు సన్నబడతాయి. నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసే పోగులు నిలుస్తాయి. గుండె వేగం సంగతి చూడండి. 220లోంచి వయసు తీసేస్తే నిమిషానికి గుండె ఎంత గరిష్ఠంగా కొట్టుకోగలదో ఉజ్జాయింపుగా తెలుస్తుందంటారు. ఇరవై అయిదేళ్ళవాడికి 195, యాభై అయిదేళ్ళవాడికి 165. ఆ 30 దెబ్బలే మొదటి పోరాటంలో బ్యాట్‌మాన్‌ని ఓడించినవి.

అలాగని ముసలితనానికి మందు లేదనీ కాదు. 1990లో అమెరికాలో తొంభయ్యేళ్ళ వాళ్ళ చేత ఎనిమిది వారాలు బరువులెత్తించి చూశారు. వాళ్ళ తొడకండల బలం సగటున రెండింతలు దాటింది. కాబట్టి కసరత్తు చేస్తే పోయిన బలం కొంత తిరిగొస్తుంది. మొత్తం రాదు. ఎంత చేసినా కొంత వెలితి మిగులుతుంది. ముసలి వీరుడి కథ అంతా ఆ వెలితిని దేనితో పూడుస్తాడన్న దాని మీదే ఆధారపడి ఉంది.

బ్యాట్‌మాన్ యంత్రాలతో పూడుస్తాడు. యుద్ధట్యాంకు లాంటి కారు, ఛాతీ మీద కవచం, చివర్లో సూపర్‌మాన్‌తో తలపడేటప్పుడు ఊరి కరెంటుతో నడిచే ఉక్కు తొడుగు. కానీ ఆయన రాకవల్ల ఏమేం జరిగాయో చూడండి. పిచ్చాసుపత్రిలో ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న జోకర్, బ్యాట్‌మాన్ వచ్చాడని టీవీలో విని నిద్రలేస్తాడు. ఓడిపోయిన ముఠాలో కొందరు బ్యాట్‌మాన్ కొడుకులమని పేరు పెట్టుకుని, న్యాయం పేరుతో దొరికినవాణ్ణి దొరికినట్టు చావబాదుతారు. వీరుడు తిరిగొస్తే అతని శత్రువూ తిరిగొచ్చాడు, అతని పేరు చెప్పుకునే మూకా పుట్టుకొచ్చింది.

సేద్యానికి పోయిన వీరులు

తరవాత ఇలాంటివి చాలా వచ్చాయి. 1996లో మార్క్ వెయిడ్ రాసి అలెక్స్ రాస్ రంగుల్లో చిత్రించిన ‘కింగ్‌డమ్ కమ్’లో సూపర్‌మాన్ లోకం మీద విరక్తితో పదేళ్ళు సేద్యం చేసుకుంటూ గడుపుతాడు. ఆ పొలం కూడా తన కోటలో సృష్టించుకున్న మాయపొలం. 2008లో మార్క్ మిల్లర్ రాయగా స్టీవ్ మెక్‌నివెన్ గీసిన ‘ఓల్డ్ మాన్ లోగన్’లో వుల్వరిన్ బీడునేల మీద పెళ్ళాంబిడ్డలతో బతుకుతూ, ఆ నేల యజమానులకి అద్దె కట్టలేక మళ్ళీ బయల్దేరతాడు. అమెరికా వీరులు విశ్రాంతి కావాలంటే రైతులవుతారన్నమాట! వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడిగా ఇది చదివి నాకు నవ్వాగలేదు. ఆ ఇద్దరిలో అద్దె బాకీపడ్డ లోగనే మనకి చుట్టం.

సూపర్‌మాన్ తిరిగొచ్చి ఏం చేశాడు? అదుపు తప్పిన కొత్తతరం వీరుల్ని దారిలో పెడతానన్నాడు. మాట వినని కుర్రవాళ్ళ కోసం పెద్ద జైలు కట్టాడు. జైలు నిండింది, తిరుగుబాటు పుట్టింది, చివరికి అణుబాంబు పడింది. పెద్దవాడు తన కాలాన్ని యథాతథంగా తిరిగి తేవాలనుకుంటే పిల్లల్ని కట్టెయ్యక తప్పదని ఆ పుస్తకం హెచ్చరిక.

మన సినిమాల్లోనూ ఈ బాణీ ఉంది. 1993లో ‘మేజర్ చంద్రకాంత్’ వచ్చేసరికి ఎన్.టి. రామారావు గారు డెబ్భైకి దగ్గర పడ్డారు. 1996లో తెలుగులోకీ వచ్చిన ‘భారతీయుడు’లో కమల్‌హాసన్ స్వాతంత్ర్య సమరయోధుడైన ముసలి సేనాపతిగా లంచగొండుల మీద కత్తి దూశాడు. హాల్లో మనం ఈలలు వేస్తాం. ముసలాయన ఒక్కడే అంతమందిని కొడుతుంటే కుర్రకారు కుర్చీల్లో కూర్చుని ఉంటాం. ఆ కుర్చీ గురించే నా బాధ.

జాంబవంతుడి లెక్క

ఇక మన కథల్లోకి వద్దాం. రామాయణం కిష్కింధకాండలో వానరులు సముద్రపు ఒడ్డున చేరి ఎవరెంత దూరం గెంతగలరో చెప్పుకుంటారు. దాటవలసింది నూరు ఆమడలు. ఒకడు పది అంటాడు, ఒకడు ఇరవై అంటాడు. జాంబవంతుడి వంతు వచ్చింది. ఆయన త్రివిక్రముడు లోకాలు కొలిచిన రోజున ఆ పెరిగే పాదాల చుట్టూ ప్రదక్షిణం చేసినవాడు. ఇప్పుడు ముసలివాడినయ్యాను, తొంభై గెంతగలనేమో అంటాడు.

నూటికి తొంభై! పరీక్షలో అయితే డిస్టింక్షన్. సముద్రం మీద అయితే పది ఆమడల ముందే మునిగిపోవటం. ఆ పదీ ఎలా పూడ్చాలి? జాంబవంతుడు కవచం తొడగలేదు, పంతానికి పోలేదు. తన వెలితి ఎంతో అంకెతో సహా సభలో చెప్పి, చుట్టూ చూశాడు. మాట్లాడకుండా ఒక పక్కన కూర్చున్న హనుమంతుడి దగ్గరికి వెళ్ళి, నీ పుట్టుక ఇదీ నీ బలం ఇదీ అని గుర్తుచేశాడు. యుద్ధకాండలోనూ అంతే. ఇంద్రజిత్తు అస్త్రానికి సేనంతా కూలిపోయినప్పుడు, బాణాలు దిగి కళ్ళు కనపడని స్థితిలో ఆ ముసలివాడు విభీషణుణ్ణి మొట్టమొదట అడిగింది హనుమంతుడు బతికున్నాడా అని. అతనుంటే మిగతావాళ్ళని బతికించుకోవచ్చని ఆయనకి తెలుసు.

ఆ హనుమంతుడూ ముసలివాడయ్యాడు. భారతం అరణ్యపర్వంలో సౌగంధిక పుష్పం కోసం పోతున్న భీముడికి అరటితోట దారిలో అడ్డంగా పడుకుని కనిపిస్తాడు. లేవలేను నాయనా, తోక పక్కకి పెట్టి పో అంటాడు. భీముడు రెండు చేతులా ఎత్తినా తోక కదలదు. తమ్ముడే అని తెలిశాక తన పెద్దరూపం చూపించి, కావాలంటే కౌరవుల్ని నేనే చంపిపెడతానని కూడా అంటాడు. భీముడు తమ పని తమకే ఉంచుకున్నాడు. చివరికి హనుమంతుడు ఇచ్చిన మాట ఏమిటి? నీ సింహనాదానికి నా గొంతు కలుపుతాను, అర్జునుడి జెండా మీద కూర్చుంటాను అని. యుద్ధానికి వచ్చాడు గాని, యుద్ధం చెయ్యలేదు. విల్లు అర్జునుడి చేతిలోనే ఉంది.

మా కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారి నాటి ఆ విద్యని అక్కడ ఆడపిల్లలకి నేర్పుతూ వచ్చారు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు పట్టుకుని పడుచుపిల్ల ముసలి హనుమంతుడి మాట పలుకుతుంటే, పాత కథ ఎక్కడ బతుకుతుందో తెలుస్తుంది. మిల్లర్ తన రాబిన్‌ని ఆడపిల్లని చేశాడని అమెరికాలో వింతగా చెప్పుకున్నారట గాని, మా ఊళ్ళో అది వింత కాదు.

గట్టు మీద

ఇది పుస్తకాల ముచ్చటేనా అంటే, కాదు. డార్క్ నైట్ వచ్చిన 1986లోనే ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి పోయింది. ఆ వరద చూసినవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో ముసలివాళ్ళు. 2022 జూలై 16న మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది. కుర్రవాళ్ళమంతా ఫోనులో అడుగులు లెక్కపెడుతూ ఏటిగట్టు మీద తిరిగాం. ఒకచోట గట్టు వెనక నేలలోంచి ఊటనీరు బుడబుడమని ఇసకతో సహా పైకొస్తోంది. మేం ఆ కన్నంలో బస్తాలు కుక్కబోయాం. వ్యవసాయం మా నాన్నకి అప్పగించి ఇంటిపట్టున ఉంటున్న మా తాతయ్య కర్ర పట్టుకుని వచ్చి, “దాని నోరు నొక్కకండిరా, ఇంకోచోట చీల్చుకుని వస్తుంది. చుట్టూ కట్టండి” అన్నాడు. బావికి వొరలా చుట్టూ బస్తాలు పేర్చాం. లోపల నీరు మెల్లగా లేచి నిలబడింది. ఇసక రావటం ఆగింది.

దీనికి కారణం ఫిజిక్సులో ఉంది. వొరలో నీటిమట్టం పెరిగేకొద్దీ ఏటినీటికీ దానికీ ఉన్న ఎత్తుతేడా తగ్గుతుంది, తోసే ఒత్తిడి తగ్గుతుంది. నీరు ఊరినా మట్టిని మొయ్యలేదు. తాతయ్యకి ఈ సూత్రం పేరు తెలియదు, 1986 తెలుసు. ఆయన ఒక్క బస్తా ఎత్తలేదు. ఎత్తమన్నా మేం ఎత్తనివ్వం. ఆయన తొంభై ఆమడలూ వచ్చాడు, మిగతా పదీ మా భుజాల మీద నడిచాయి.

ముగింపు

నిజానికి మిల్లర్ కథ కూడా చివరికి ఇక్కడికే చేరింది. బ్యాట్‌మాన్ గుండె ఆగి చచ్చిపోయినట్టు లోకాన్ని నమ్మించి, భూమి కింద గుహలో కేరీకీ, నిన్నటి ముఠా కుర్రాళ్ళకీ గురువుగా కుదురుకుంటాడు. నాలుగు భాగాలు ఎముకలు విరగ్గొట్టుకుని ఆయన తెలుసుకున్నది జాంబవంతుడు సముద్రపు ఒడ్డున కూర్చునే చెప్పాడు.

సహవిద్యార్థులారా, పెద్దవాళ్ళు తిరిగి రావాలా అన్న ప్రశ్నలో సగం పెద్దవాళ్ళది, సగం మనది. ఊళ్ళో చెరువు పూడినా, కాలేజీలో అన్యాయం జరిగినా, దేశంలో ధర్మం తప్పినా, ఎవరో పాత వీరుడు మళ్ళీ వచ్చి బాగుచేస్తాడని ఎదురుచూడటం మనకి అలవాటైపోయింది. అలా పిలిస్తే వచ్చేది బ్యాట్‌మానే, వెనకాల జోకర్ కూడా వస్తాడు. పెద్దల్ని పిలవాల్సింది మన బదులు గెంతమని కాదు, ఎటు గెంతాలో చెప్పమని. జాంబవంతుడు ఎంత చక్కగా మాట్లాడినా ఆ రోజు హనుమంతుడు పక్కన అలాగే కూర్చుని ఉంటే లంక అవతలే ఉండేది, సీతమ్మ అక్కడే ఉండేది. మన ఇళ్ళలో తొంభై ఆమడలు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళుండగానే వెళ్ళి అడుగుదాం.