పిప్పి సరే, ఆకు మాటేమిటి?

రంగంపేట,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

చిరంజీవి శ్రీనుకి,
మావయ్య దీవించి రాసేది.

నిన్న నీ ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. “సగ్గుబియ్యం మిల్లు దగ్గర పిప్పి చవగ్గా ఇస్తున్నారు మావయ్యా, తవుడు మానేసి గేదెలకి అదే పెట్టేద్దామనుకుంటున్నా” అన్నావు. సరేననలేదు, వద్దనీ అనలేదు. ఫోనులో తేలే సంగతి కాదు గనక రాస్తున్నాను. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసినవాడి మాట అనుకో, మీ అమ్మ తోడబుట్టినవాడి మాట అనుకో, ఆసాంతం చదువు.

కర్రపెండలం దుంప తురిమి పిండి తీసేశాక మిగిలేదే పిప్పి. మిల్లువాళ్లు ఎంత కడిగినా అందులో ఇంకా పిండి నిలిచే ఉంటుంది; ఎండబెట్టి చూస్తే సగం బరువు అదే. అందుకే గేదె ఇష్టంగా తింటుంది. కానీ మాంసకృత్తులు నూటికి రెండు మూడు పాళ్లు ఉంటే గొప్ప. తవుడులో పన్నెండు దాకా ఉంటాయి. తవుడు తీసేసి పిప్పి పోస్తే గేదె కడుపు నిండినట్టే కనిపిస్తుంది, పాలు మాత్రం తగ్గిపోతాయి.

పైగా పచ్చి పిప్పి బరువులో ముప్పాతిక వంతు పైగా నీళ్లే. ట్రాక్టరు కిరాయి నీళ్లకి కడుతున్నావన్నమాట. రెండో రోజుకి పులుస్తుంది, ఆ తర్వాత బూజు. బూజు విషం గేదెతో ఆగదురా, పాలల్లోకీ దిగుతుంది; ఆ పాలు నీ కూతురు తాగుతుంది. తెచ్చిన రోజే కళ్లంలో బరకం మీద పల్చగా పరిచి గలగలలాడేదాకా ఎండబెట్టు. అరకిలోతో మొదలుపెట్టి, పదిహేను రోజుల్లో మెల్లగా పెంచు. దాణాలో పావు వంతు దాటనివ్వకు. ఒక్కసారిగా పోస్తే కడుపు పులిసి నెమరు ఆగిపోతుంది. తెలకపిండి మాత్రం ఒక్క పిడికెడు కూడా తగ్గించకు. ఎందుకో కింద చెబుతాను.

పిల్లజొన్న మేసిన పశువు నాము తగిలి పడిపోతుందని నీకు తెలుసు కదా. కర్రపెండలంలో ఉన్నదీ ఆ విషమే, సైనైడు. చెట్టులో అది విడిగా ఉండదు. ఒక పదార్థంలో దాగి ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము వేరే చోట ఉంటుంది. ఆకు నలిగినా దుంప తెగినా రెండూ కలిసి విషం బయటపడుతుంది. గేదె కడుపులోని సూక్ష్మజీవులు కూడా అదే పని చేస్తాయి, ఇంకా వేగంగా. గుజ్జుకన్నా తొక్కలో ఎక్కువ, ఆకులోనూ ఎక్కువే. వాన లేక బెట్టకొచ్చిన ఏడు మరీనూ.

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరదొచ్చింది, నువ్వింకా పుట్టలేదు. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి ముందు మీ తాతయ్య పెండలం తవ్వించారు. ఆకు, కొమ్మలు గట్టు మీద కుప్ప వేయించింది నేనే. సాయంత్రం మీ అమ్మ పెంచుకున్న పెయ్య పలుపు తెంపుకుని వెళ్లి ఆ కుప్ప మీద పడింది. నేను పరుగెత్తేసరికి నోట నురగ, ఎగశ్వాస; కాళ్లు తడబడి కూలబడింది. కింది రెప్ప తిప్పి చూస్తే మందారంలా ఎర్రగా ఉంది. ఆ ఎరుపు చూసి నెత్తురు బాగానే ఉందనుకున్నాను. నెత్తుట్లో ప్రాణవాయువు ఉన్నా ఒళ్లు దాన్ని వాడుకోలేకపోతే వచ్చే ఎరుపది. సోడియం నైట్రైటు, థయోసల్ఫేటు నరానికి సకాలంలో ఎక్కిస్తే కొన్ని బతుకుతాయి. డాక్టరుగారు సైకిలు మీద వచ్చేసరికి అయిపోయింది. మీ అమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత పదేళ్లపాటు ఊళ్లో ఎవరినీ ఆకు ముట్టనివ్వలేదు. అదీ నా తప్పే. అసలు మేత ఆ ఆకులోనే ఉంది. ఎండిన ఆకులో మాంసకృత్తులు నూటికి ఇరవై పాళ్లు పైన. థాయిలాండులో ఖోన్ కేన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేథా వానపత్ అనే పశుపోషణ శాస్త్రవేత్త ఈ ఆకుని, లేత కొమ్మల్ని ఎండబెట్టి పాడి ఆవులకి మేపి చూపించారు. అది చదివాకే నాకు ధైర్యం వచ్చింది. నువ్వేమో పిప్పి కోసం మిల్లుకి పరుగెడుతున్నావు, చేలో ఆకుని ఏటా గట్టు మీద తగలబెడుతున్నావు!

ఆ విషానికి ఇరవయ్యారు డిగ్రీల వేడి చాలు, ఆవిరైపోతుంది. మన మెట్టలో తవ్వకాల రోజులన్నీ పొడి ఎండలే. దుంప తవ్వేరోజు ఆకు, లేత కొమ్మలు కోసి, గడ్డి మిషనులో ముక్కలు చేయించు. ఆ రాత్రి పశువులకి అందనిచోట వాడనివ్వు. తెల్లారి పల్చగా పరిచి, తిరగేస్తూ, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా రెండు మూడు రోజులు ఎండబెట్టు. మంట మీద తొందరగా ఎండబెడదామనుకోకు. ఎక్కువ వేడికి ఎంజైము ముందే చచ్చి విషం లోపలే ఉండిపోతుంది. గేదెకి రోజుకి కిలో ఎండాకు చాలు. ఆశపడి నిలిచిన చేలో ఆకు దూయకు, దుంప ఊరదు.

తొక్కా అంతే. నైజీరియాలో తొక్కల్ని తురిమి, నీళ్లు పిండి, ఎండబెట్టి దాణాలో కలుపుతున్నారు. పచ్చివి మాత్రం గాట్లో వేయకు.

ఇక తెలకపిండి. మిగిలిన కాస్త విషాన్ని కాలేయం గంధకం సాయంతో విరుస్తుంది. నువ్వుల్లో గంధకమున్న మాంసకృత్తులు బాగా ఉంటాయి. విరిగిన విషం అయోడిన్ని ఒంటికి అందనివ్వదు గనక ఖనిజ లవణ మిశ్రమం కూడా మానకు.

కోడలికి ఒక మాట చెప్పు. పెండలం ఉడికించిన నీళ్లు కుడితి తొట్లో పోయొద్దని. విషం ఆ నీళ్లలోకి దిగుతుంది. మిల్లు కాలవ నీళ్లు కూడా గేదెల్ని తాగనివ్వకు.

తవ్వకం ఎప్పుడో వారం ముందు చెప్పు. బరకాలు రెండు నా దగ్గరున్నాయి, తెస్తాను. ఆ మూడు రోజులూ కళ్లంలో మంచం వేసుకుని నేనే కాపలా ఉంటాను. మీ పెయ్య పలుపు మాత్రం కొత్తది వెయ్యి.

ఆశీస్సులతో,
మావయ్య