చిలుకపిల్ల ఈకలు

పెరుగుచున్న ఈకకు నెత్తురు అందును. పెరుగుట ముగియగానే అది నిర్జీవమగును. ఆపై చిరిగినచో మానదు. రాలి క్రొత్తది వచ్చువరకు అట్లే యుండును. ఈక పెరుగు దినములలో పిల్ల ఆకలిగొన్నను, మిక్కిలి బెదరినను దానిపై అడ్డగీత పడవచ్చును; అచ్చటనే అది సులభముగా విరుగును. కావున ఈకను చూచి మన పోషణను తెలిసికొనవచ్చును.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతపు టిండ్లలో లవ్ బర్డ్స్ అను పేర పెంచు బడ్జరిగార్, ఆస్ట్రేలియా దేశపు చిన్న చిలుక. ఈకలో అధికభాగము మాంసకృత్తులే. ఒట్టి గింజలు దానికి చాలవు. మన చేల కొఱ్ఱలతోపాటు మొలకెత్తిన పెసలు, మునగాకు, తురిమిన క్యారెట్టు పెట్టవలెను. ఆకుకూరలు, క్యారెట్టు ఏ విటమిన్ లోపమును తీర్చును. స్నానమునకు పళ్ళెములో నీరు, నీడ చేరువనున్న ఉదయపుటెండ, రాత్రి నిశ్శబ్దమైన నిద్ర అవసరము.

తోటలో దొరకిన రామచిలుక పిల్లకు మాత్రము ఈ పోషణ మనము చేయరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని పట్టుట, అమ్ముట, పెంచుట నేరము. గూడు కనబడినచో అందు చేర్చవలెను. లేనిచో అటవీశాఖకు తెలుపవలెను. దాని ఈకలను చక్కగా పెంచగలవి తల్లిదండ్రులును, చెట్టును మాత్రమే.