చెయ్యెత్తితే గొంతు దగ్గర ఏం కదులుతుంది?

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే చేతులైనా, ఆత్మకూరు పొలాల్లో నారుకట్టలు మోసే చేతులైనా, ఎముకకు ఎముక ఆనుకుని మొండెంతో కలిసేది ఒక్కచోటే: గొంతు గుంట పక్కన. భుజం వెనకుండే రెక్క ఎముక పక్కటెముకల మీద కండరాల ఆసరాతోనే నిలుస్తుంది. ఇదంతా మీ ఒంటిమీదే తడిమి తెలుసుకోవచ్చు.

ముందు అద్దం ఎదుట నిలబడి, చొక్కా పైబొత్తాలు విప్పండి. కుడిచేతి వేలు గొంతు కింద గుంటలో పెట్టి ఎడమపక్కకు జరపండి. గట్టిగా తగిలే బొడిపె జత్రుక, అంటే కాలర్ బోన్ లోపలి కొన. అది రొమ్ము ఎముకను కలిసేచోటు మొదటి కీలు. రెండిటి మధ్య మృదులాస్థి బిళ్ల ఒకటుంటుంది. భుజానికి తగిలిన దెబ్బను కొంత అదే కాచుకుంటుంది.

వేలు తీయకుండా ఎడమ భుజాన్ని చెవి వైపు ఎత్తండి. బయటి కొన పైకి లేస్తుంటే, వేలి కింద లోపలి కొన కిందికి జారుతుంది, ఏతం మాను లాగా. తొందరపడొద్దు, మెల్లగా చేస్తేనే తెలుస్తుంది.

ఇక ఎముక వెంటే బయటికి రండి. మొదట ముందుకు ఉబ్బి, తర్వాత లోపలికి వంగుతుంది. భుజం అంచు ఇంకో రెండు వేళ్ల దూరం ఉందనగా చిన్న మెట్టులా తగిలేది రెండో కీలు. జత్రుక రెక్క ఎముకను కలిసేది అక్కడే.

ఇప్పుడు చెయ్యి పక్కనుంచి తలపైదాకా ఎత్తండి. ఆ 180 డిగ్రీల్లో సుమారు 120 భుజం కీలువి. మిగతా 60 రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి, అది తిరగాలంటే జత్రుక రెండు కొనల కీళ్లూ కదలాలి. చెయ్యి పైకి పోయేకొద్దీ జత్రుక తన చుట్టూ తాను వెనక్కి దొర్లుతుంది కూడా. అందుకే చెయ్యి లేవనప్పుడు భుజానికి మాత్రమే తైలం రాస్తూ కూర్చోవడం సరికాదంటాను. ఈ రెండు కీళ్లలో నొప్పి ఉందేమో డాక్టరుకు చూపించాలి.

బండి మీంచి పడ్డవాళ్లను మాత్రం తడమొద్దు, మాలిష్ అసలే వద్దు. అలా పడినప్పుడు జత్రుక ఎక్కువగా నడిమి భాగంలో విరుగుతుంది. రెండో కీలు జారితే ఆ మెట్టు ఎత్తుగా కనబడుతుంది. తువ్వాలుతో చేతిని మెడకు వేలాడదీసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పుత్తూరు కట్టుకే వెళ్లాలనుకున్నా ముందు ఎక్స్‌రే తీయించండి. లోపలి కొన వెనకే శ్వాసనాళం, పెద్ద రక్తనాళాలు ఉంటాయి. దెబ్బ తగిలాక ఊపిరాడకపోయినా, మింగలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.