పాత బట్టలు: పొదుపును మర్యాదయు



గత జూను మాసమున బడి తెరచిన మొదటి వారమందే ఎనిమిదవ తరగతి బాలుడొకడు మూడు దినములు రాలేదు. విచారింపగా, అతడు ధరించిన యూనిఫారము పై తరగతివాడు విడిచినదనియు, జేబుపైనున్న సిరామరకను గుర్తించి తోడివారు నవ్విరనియు తెలిసినది. ఆ మరకకంటె ఆ నవ్వే మమ్ము ఎక్కువగా బాధించినది. కావున ఈ సంచికలో పాత బట్టలను గూర్చి కొన్ని మాటలు వ్రాయదలచితిమి.

పాత వస్త్రమును వాడుకొనుట మనకు క్రొత్త కాదు. అన్న చొక్కా తమ్మునికి, అక్క పరికిణీ చెల్లెలికి వచ్చుట మన పద్మనాభము ఇండ్లలో అందరెరిగినదే. అమ్మమ్మ పాత చీరలను మడతలుగా పరచి కుట్టిన బొంతపై పండుకొననివారు మనలో ఎందరు? హర్యానాలోని పానిపట్టునందు పాత ఉన్నిబట్టలను చింపి, ఏకి, మరల నూలు వడికి కంబళ్లు నేయుదురు. బ్రిటను దేశమున 1941 జూన్ 1 మొదలు 1949 మార్చి 15 వరకు బట్టలకు రేషను ఉండెను. ఆ కాలమున, పాతవానిని బాగుచేసికొని ధరింపుడని ప్రభుత్వమే ప్రజలకు బోధించెను. వారికి సిగ్గు కానిది మనకేల సిగ్గు కావలెను?

ఇక ఒక చిన్న లెక్క చేయుదము. క్రొత్త చొక్కా వెల 600 రూపాయలు. దానిని 120 మారులు ధరించితిమనుకొందము. మారునకు 5 రూపాయలు పడినది. ఒకరు వాడిన గట్టి చొక్కా 150 రూపాయలకు దొరకి 75 మారులు వచ్చినచో, మారునకు 2 రూపాయలే. కాని 60 రూపాయలకు కొన్న పలుచని పాత చొక్కా 10 మారులకే చిరిగినచో, మారునకు 6 రూపాయలు! చౌకయని కొన్నదే అన్నిటికంటె ప్రియమైనది. కావున వెలను కాక మన్నికను చూడవలయును.

మన్నికను చూచుట ఎట్లు? బట్టను వెలుతురునకు ఎదురుగా పట్టుడు. పలుచబడిన చోట్లు కనబడును. మెడపట్టీ, చంకలు, మోకాళ్లు మొదట అరుగును గనుక వానిని ముందు చూడుడు. కుట్లను మెల్లగా లాగి చూడుడు. తడి రుమాలుతో రుద్దినచో రంగు నిలుచునో లేదో తెలియును. బొత్తాము లేకున్న భయము లేదు. నేత బలహీనమైన బట్టను మాత్రము కొనవలదు. లోదుస్తులు పాతవి కొనరాదు. తెచ్చిన బట్టలను వేడినీట సబ్బుతో ఉతికి, మంచి యెండలో ఆరవేసిన పిమ్మటనే ధరింపవలయును. అవసరము లేనిదానిని ఎంత చౌకగా కొన్నను అది పొదుపు కాదు.

ధనమొక్కటే కాదు, నీరును మిగులును. ప్రత్తి పంట మొదలుకొని ఒక నూలు టీషర్టు తయారగువరకు సుమారు 2,700 లీటర్ల నీరు వ్యయమగునని అంచనా కట్టియున్నారు. గోస్తనీ తీరమున వ్యవసాయమెరిగిన బిడ్డలకు ఆ నీటి విలువను వేరుగా చెప్పనక్కరలేదు.

ఇయ్యదలచిన తల్లిదండ్రులకును ఒక మాట. 1999లో ఢిల్లీలో అంశు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ, పల్లెలలో చెరువులు, బాటలు బాగుచేసికొన్నవారికి వారి శ్రమకు ప్రతిఫలముగా బట్టల నిచ్చుచున్నది. పుచ్చుకొనువాని గౌరవమును కాపాడుటయే అందలి కీలకము. బైబిలులో యిర్మీయా ప్రవక్తను బురదగోతిలో దింపిరి. ఎబెద్మెలెకు అతనిని పైకి తీయుటకు వచ్చినప్పుడు, త్రాళ్లు ఒరసికొనకుండునట్లు చంకలక్రింద పెట్టుకొనుటకై పాత బట్టలను తెచ్చెను. వానిని పైనుండి విసరలేదు. త్రాళ్లతో మెల్లగా దింపెను. ప్రాతపేలికలే అయినను, ఇచ్చిన తీరున ప్రేమ కనబడుచున్నది.

కావున వేసవి సెలవులకు ముందు మన బడిలో ఒక పెట్టె ఉంచనున్నాము. పొట్టియైన యూనిఫారములను ఉతికి, బొత్తాములు కుట్టి, మడచి అందులో వేయుడు. చిరిగినవి వేయవలదు. ఎవరి పేరును వ్రాయనక్కరలేదు. మా యింటి పిల్లల బట్టలును అందులో ఉండును. వారికి కావలసినవానిని మేమును అందుండియే తీసికొందుము.

ఆ బాలుడు నాలుగవ దినమున బడికి వచ్చెను. జేబుపై మరక అట్లే యున్నది. విద్యార్థులారా, ఒకరు విడిచిన చొక్కాను తొడిగికొనుట సిగ్గు కాదు. మరకను పోగొట్టక ఇచ్చుట సిగ్గు, దానిని చూచి నవ్వుట అంతకంటె సిగ్గు. వచ్చే జూనులో మన బడిలో ఏ బిడ్డయు బట్టల కొరకు ఇంట కూర్చుండకుండునుగాక.