గిజిగాడి రంగు, గిజిగాడి పని

వానలు పడినాక బావిగట్టు మీది తుమ్మచెట్టును చూడండి. నీళ్లపైకి వంగిన కొమ్మలకు సొరకాయ బుర్రల్లాంటి గూళ్లు వేలాడుతుంటాయి. అవి గిజిగాడి గూళ్లు.

అక్కడ రెండు రంగుల పిట్టలు తిరుగుతుంటాయి. ఒకదాని తల, రొమ్ము పచ్చగా ఉంటాయి. మన మైదుకూరు పొలాల్లో పండే పసుపులాగా మెరుస్తాయి. రెండోది ఊరపిచ్చుకలాగా మట్టిరంగులో ఉంటుంది.

ఇవి వేరువేరు జాతులా? కాదు. పసుపుపచ్చది మగపిట్ట. మట్టిరంగుది ఆడపిట్ట.

ఆ పసుపు రంగు ఏడాదంతా ఉండదు. గూడు కట్టే కాలంలోనే వస్తుంది. ఆ కాలం పోయాక పాత ఈకలు రాలి, కొత్తవి వస్తాయి. అప్పుడు మగపిట్ట కూడా ఆడపిట్ట మాదిరే ఉంటుంది.

రంగు వేరైనట్టే పని కూడా వేరు. గూడు అల్లేది మగపిట్ట. వరి ఆకులను, గడ్డిని ముక్కుతో పీలికలుగా చీల్చి తెస్తుంది. వందలసార్లు తిరుగుతుంది. గూడు సగం కాగానే రెక్కలాడిస్తూ ఆడపిట్టను పిలుస్తుంది.

ఆడపిట్ట వచ్చి చూస్తుంది. గూడూ, చోటూ నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది. ఆమె ఒప్పుకున్నాకనే మగపిట్ట మిగతా గూడు కడుతుంది. కిందికి వేలాడే పొడుగాటి గొట్టం కూడా అల్లుతుంది. పిట్టలు లోపలికి పోయే దారి అదే.

తర్వాత ఏమవుతుంది? సలీం అలీ అనే పక్షి శాస్త్రవేత్త 1930లో బొంబాయి దగ్గర కిహిం అనే ఊళ్లో ఈ పిట్టలను నెలల తరబడి గమనించాడు. ఆడపిట్ట గుడ్లు పెట్టగానే మగపిట్ట ఇంకో గూడు మొదలుపెడుతుందని, ఇంకో ఆడపిట్టను పిలుస్తుందని ఆయన తెలుసుకున్నాడు.

ఇక గుడ్లు పొదిగేది తల్లి ఒక్కతే. మామూలుగా 2 నుంచి 4 గుడ్లు ఉంటాయి. రెండు వారాలకు పైగా పొదగాలి. పిల్లలను సాకే భారం కూడా ఎక్కువగా తల్లిదే. పెద్ద పిట్టలు చేలో గింజలు తింటాయి, నిజమే. కానీ పిల్లలకు పురుగులను ఏరి తెచ్చి పెడతాయి.

అందుకే ఒక మాట గుర్తుంచుకోండి. గూటి దగ్గర పసుపు పిట్ట కనబడలేదని అది ఖాళీ గూడు అనుకోవద్దు. లోపల తల్లి పొదుగుతూ ఉండవచ్చు. ఇంట్లో అలంకారానికి, ఆటకు గూడు తెంపితే ఆ పిల్లలు బతకవు. మన పిల్లలకూ ఈ మాట చెబుదాం.

చెప్పండి:
1. మగ గిజిగాడికి పసుపు రంగు ఎప్పుడు వస్తుంది?
2. గూడు కట్టేది ఎవరు? నచ్చిందో లేదో చెప్పేది ఎవరు?

చూసి రాయండి:
మీ ఊళ్లో గిజిగాడి గూళ్లు ఏ చెట్టుకు ఉన్నాయి? ఎన్ని ఉన్నాయి?