గురువు పేరిట శబ్దశాల

తిరుత్తణి ప్రాంతం 1960లో చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. పళ్లిపట్టు వైపున ఉన్న కోనేటమ్మపేట ఆ ప్రాంతంలోనిదే. 1946 జూన్ 4న అక్కడ జన్మించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం హరికథకులు సాంబమూర్తిగారి కుమారుడు. ఇంజనీరింగు చదువు కోసం మద్రాసు చేరినా, పాటల పోటీలను మాత్రం వదిలేవాడు కాదు. అట్టి ఒక పోటీలో అతని కంఠం సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణిగారి చెవినబడింది.

1966 డిసెంబరు 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రానికి బాలసుబ్రహ్మణ్యం తొలి పాట పాడాడు. పక్కన పాడేవారు సామాన్యులు కారు: పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య! ఆనాడు గాయకులూ వాద్యకారులూ ఒకే హాలులో చేరి ఒకేసారి పాడాలి, వాయించాలి. వయొలిన్ ఒక్కటి తప్పినా పాట మొదటికి రావలసిందే. ఇప్పటిలాగా ఒక్కొక్క ముక్క విడిగా పాడి అతికించే వీలు లేదు. పైగా అయస్కాంతపు టేపు ఖరీదైనది. పని పూర్తికాగానే పాత పాటను చెరిపి, ఆ టేపు మీదనే కొత్త పాటను ఎక్కించేవారు.

కోదండపాణిగారు ఆలోచించినది ఇక్కడే. ఈ కుర్రవాని పాటను ఒక ఏడాదిపాటు చెరపవద్దనీ, వచ్చిన సంగీత దర్శకులకు వినిపించమనీ ఆయన స్టూడియోలోని శబ్దగ్రాహకుని కోరారట. ఈ సంగతిని బాలసుబ్రహ్మణ్యం తరచు చెప్పేవారు. కొత్త గాయకునికి అవకాశం ఇచ్చేవారు ఉండవచ్చు. అతనికి ఇతరుల వద్ద కూడా పని దొరకాలని పాటుపడేవారు అరుదు.

కోదండపాణిగారు 1974లో మరణించారు. తరువాత బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో సొంతంగా నెలకొల్పిన శబ్దగ్రహణశాలకు తన పేరు పెట్టుకోలేదు. ‘కోదండపాణి ఆడియో ల్యాబ్స్’ అని పేరు పెట్టారు. అప్పటికే ఆయన పేరు తెలియని తెలుగు ఇల్లు లేదు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ భాషల పాటలకు ఆరు జాతీయ పురస్కారాలు పొందిన గాయకుడాయన. అయినా లోపలికి వచ్చే ప్రతివారూ ముందు చదివేది గురువుగారి పేరే.

బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న చెన్నైలో కన్నుమూశారు. మరునాడు తిరువళ్లూరు జిల్లా తామరైపాక్కంలోని ఆయన తోటలో అంత్యక్రియలు జరిగాయి.